బండి వేడెక్కేదాకా

మా ఆయన స్కూటరు వెనక కూర్చోవాలంటే చాలా నియమాలున్నాయి. గుడికి వెళ్లేటప్పుడు కూడా నేను అంత నిష్ఠగా ఉండను. బ్యాగు తేలిగ్గా ఉండాలి, బరువు పెరిగితే బండి ఎక్కువ పెట్రోలు తాగుతుంది. కొంగు నడుముకు గట్టిగా దోపుకోవాలి, అది ఎగిరితే గాలి పట్టి బండిని వెనక్కి లాగుతుంది. అటూ ఇటూ కదలకూడదు. మాట్లాడొచ్చు కానీ మెల్లగా, ఎందుకంటే ఆయన ఇంజిను చప్పుడు వింటూ ఉంటాడు. నేను బడిపంతులమ్మను. పరీక్ష పేపర్లు దిద్దడానికి ఇంటికి తెచ్చుకునే రోజుల్లో ఆయన ఆ కట్టను చేత్తో ఎత్తి చూసి, పిల్లలతో ఇన్నేసి పేజీలు రాయించడం అవసరమా అని అడిగేవాడు.

మాది ఫలక్‌నుమా. నా బడి పత్తర్‌గట్టి దాటాక ఒక సందులో ఉంది. ఆయన ఆఫీసు మూసీ అవతల. పొద్దున నన్ను బడి దగ్గర దింపి ఆయన ముందుకు పోతాడు. బ్రేకు వేయడమంటే అప్పటిదాకా కాల్చిన పెట్రోలును రోడ్డు మీద పారబోయడమేనని ఆయన నమ్మకం. అందుకని దూరంనుంచే అంతా కనిపెట్టి, యాక్సిలరేటరు వదిలేసి, బండి తనంతట తాను నెమ్మదించేలా చూసుకుంటాడు. ఖాళీ రోడ్డు మీద ఇది మంచి పద్ధతే. కానీ పొద్దున షాలిబండలో ఖాళీ రోడ్డు ఎక్కడ దొరుకుతుంది? అరటిపళ్ల బండి, దాన్ని ఆనుకుని ఆటో, ఆటోలోంచి ఒక కాలు బయటపెట్టి బేరమాడే పెద్దమనిషి, వాళ్లందరి మధ్యలోంచి ఒక మేక. మా ఆయన బ్రేకూ వేయడు, హారనూ కొట్టడు. హారను కొడితే బ్యాటరీ ఖర్చు, బ్యాటరీకి ఇంజిను, ఇంజినుకి పెట్రోలు. అందుకని నోటితోనే, భాయ్ జరా బాజూ, అమ్మా జరుగు, అని అందరినీ బతిమాలుకుంటూ పోతాడు. ఆ నోటికి నేను పెట్టే ఉప్మా చాలు, పెట్రోలు అక్కర్లేదు.

జనం ఆగిపోతే వెంటనే ఇంజిను కట్టేస్తాడు. సిగ్నలు దగ్గర కట్టేయమని అందరూ చెప్తారు, చెయ్యాలి కూడా. కానీ మా దారిలో సిగ్నలు ఉన్నచోటా ఆగుతాం, లేనిచోటా ఆగుతాం. ముందున్నవాళ్లు రెండు జానలు కదిలితే మళ్లీ స్టార్టు చేయడం దండగ కదా అని కాళ్లతో తోస్తాడు. నన్నూ తోయమంటాడు. చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఒక కాలు నేల మీద ఆనించి, మా బడి పిల్లలు చూడకుండా ఉంటే చాలని మొక్కుకుంటూ నేనూ తోసేదాన్ని. ఆ టైర్లు ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి. నా చెప్పులే అరిగిపోయాయి.

ఇక ఫలక్‌నుమా నుంచి దిగే ఉతారు, ఆ పల్లపు దారి, ఆయనకు దేవుడిచ్చిన వరం. మొదట్లోనే తాళంచెవి తిప్పేసి, చప్పుడు లేకుండా కిందికి జారేవాడు. వెనక బస్సులు మొత్తుకునేవి. నేను కళ్లు మూసుకుని తెలిసిన దేవుళ్లందరినీ వరసగా పిలిచేదాన్ని. ఒకరోజు కింద నిలబడ్డ కానిస్టేబులు మేము అలా నిశ్శబ్దంగా దిగిరావడం చూసి, బండి ఖరాబైందనుకుని, తోయడానికి పాపం పరిగెత్తుకొచ్చాడు. ఖరాబు కాలేదనీ, పెట్రోలు బచాయిస్తున్నాననీ మా ఆయన గర్వంగా చెప్పాడు. ఆ కానిస్టేబులు ఆయన్ని వదిలేసి నన్ను తిట్టాడు. ఉతారులో ఇంజిను బంద్ చేస్తే బండి చేతిలో ఉండదనీ, వెనక కూసున్నదానివి నువ్వన్నా చెప్పొద్దా అమ్మా అనీ. ఆ రోజునుంచి ఆ ఒక్కటి మానేశాడు. మానేసినందుకు చాలాకాలం బాధపడ్డాడు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన చేసేవాటిలో చాలావరకు సరైనవే. టైర్లలో గాలి ఎప్పుడూ సరిగ్గా ఉంటుంది. ఉరికించడు, ఊరికే గుంజడు. మా చుట్టాల బండ్లన్నిటికంటే మా బండి తక్కువ తాగుతుంది. ఈ సంగతి పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఒకసారి ఒక పెద్దకర్మలో కూడా ఆయన అందరికీ వివరించాడు.

ఇలాంటి మనిషికి వాళ్ల ఆఫీసులో ఇంధన పొదుపు వారోత్సవాలు రావడం, అందులో బహుమతి రావడం వింతేమీ కాదు. ఇంటిల్లిపాదీ రావాలన్నాడు కానీ మా అత్తమ్మకు అంతదూరం ఓపిక లేదు, నేనొక్కదాన్నే వెళ్లాను. శాలువా కప్పి ఒక పత్రం చేతికిచ్చారు. ఆయన మైకు పట్టుకుని మాట్లాడాడు. కదలని బండికి ఇంజిను ఎందుకు నడుస్తుండాలి అని అడిగాడు. నిలబడ్డ చోట ఇంజిను నడిపేవాడు తన పెట్రోలునే కాదు, పక్కవాడి ఊపిరిని కూడా తగలబెడుతున్నాడు అన్నాడు. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కాకపోతే నాకు ఆ మాట వింటుంటే మా ఇంటి ముందుగది కళ్ల ముందు కనబడింది.

మా గల్లీ అవతలి కొస మూసుకుపోయి ఉంటుంది. మా ఇల్లు గల్లీ మొదట్లో, అది బాగా ఇరుకయ్యే చోట. ముందుగదికి గల్లీలోకి ఒక కిటికీ. ఆ కిటికీ పక్కన అత్తమ్మ మంచం. మోకాళ్ల నొప్పులు వచ్చాక ఆవిడ బయటికి వెళ్లడం మానేసింది, ఆ కిటికీయే ఆవిడకు ఊరు. ఎవరింటికి ఎవరొచ్చారో, పాలవాడు ఇవాళ ఎందుకు ఆలస్యమో అన్నీ అక్కడినుంచే తెలుస్తాయి. ఎదురింటావిడ కూడా తన కిటికీలోనే కూర్చుంటుంది; మాకందరికీ ఆవిడ ఖాలా, అంటే పిన్ని, ఆవిడకు అత్తమ్మ ఆపా, అంటే అక్క. అత్తమ్మ తెలుగు సీరియల్ చూస్తుంది, ఖాలా హిందీది చూస్తుంది. తెల్లారాక ఒకరి కథ ఒకరికి చెప్పుకుంటారు. ఆవిడ సగం ఉర్దూలో, ఈవిడ సగం తెలుగులో. ఎవరి కోడలు ఏ సీరియల్లో ఎవరికి విషం పెట్టిందో కొన్నాళ్లకు ఇద్దరికీ కలగాపులగం అయిపోయింది కానీ, కబుర్లు మాత్రం ఆగలేదు.

ఆ కిటికీ కిందే మా ఆయన పొద్దున స్కూటరు వేడి చేస్తాడు.

ఇది వాళ్ల నాన్నగారు నేర్పిన విద్య. మా మామగారి పాత స్కూటరును ఒకపక్కకు వంచి, నిలబెట్టి, కిక్కులు కొట్టి కొట్టి స్టార్టు చేసి, వేడెక్కేదాకా ఉంచకపోతే గల్లీ మొగదలే ఆగిపోయేదట. ఆ స్కూటరు పోయింది, మామగారూ పోయారు. ఇప్పటిది మీట నొక్కితే లేచే బండి. అయినా మా ఆయన పొద్దున దాన్ని స్టార్టు చేసి, స్టాండు మీద పెట్టి, పాతబట్టతో అద్దం తుడిచి, సీటు తుడిచి, నంబరు పలక తుడిచి, అదంతా అయ్యాక కూడా సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఇంకా కాలేదు అంటాడు. సిగ్నలు దగ్గర కాసేపు ఇంజిను నడిస్తే ప్రపంచం మునిగిపోతుందనే మనిషికి ఇంట్లో మాత్రం ఇదొక పూజ. ఆ సేపంతా అత్తమ్మ కిటికీలోంచి ఏదో ఒకటి అడుగుతూ ఉండేది. దస్తీ పెట్టుకున్నావా, నీళ్ల సీసా తీస్కున్నావా, ఆ చొక్కా గుండీ ఊడేటట్టున్నది చూసుకో. ఆయన తుడుస్తూనే ఆఁ, ఆఁ అనేవాడు.

అంతటితో పోతే ఒక్క బండి పొగే కదా అనుకోవచ్చు. మా బండి గుమ్మం ముందుంటే వెనకవాళ్లెవరూ బయటపడలేరు. అందుకని ఆయన బండి చప్పుడు వినబడగానే, సార్ తయారైండని లోపలివాళ్లందరూ తమ తమ బండ్లు స్టార్టు చేసి, వచ్చి వెనక వరసగా నిలబడతారు. సార్ బండి ఇంకా వేడెక్కలేదు కాబట్టి వాళ్లూ వేడి చేసుకుంటారు. ఎవరూ విసుక్కోరు. బహుమతి వచ్చిన మనిషి చేస్తున్నాడంటే ఏదో పద్ధతి ఉంటుందని వాళ్ల మర్యాద. ఆ పొగంతా పోవడానికి ఇంకో దారి లేక మా కిటికీలోంచి లోపలికి వచ్చేది.

అత్తమ్మకు దగ్గు మొదలైంది. తర్వాత ఆయాసం. డాక్టరు చూసి, లోపలికి పీల్చే మందు రాసి, ఇంట్లో పొగ ఎక్కడినుంచి వస్తోందని అడిగాడు. ఆ ప్రశ్నకు మా ఆయన చేసిన దర్యాప్తు పోలీసులు కూడా చేయరు. ముందు నా అగరుబత్తీలు మాన్పించాడు. తర్వాత పోపులో ఎండుమిరపకాయలు వద్దన్నాడు. సాంబ్రాణి పొగ పెట్టినందుకు వారం రోజులు నాతో మొహం మాడ్చుకున్నాడు. గల్లీ మొగదల మిర్చీలు వేసే మనిషి నూనె మార్చడం లేదన్నాడు. వినాయకచవితి దగ్గరపడగానే, ధూల్‌పేట్‌లో విగ్రహాలకు కొడుతున్న రంగులు గాలిలో ఇంతదూరం వస్తున్నాయన్నాడు. గాలి అటునుంచే వీస్తోందా అంటే, రేపు చూస్తానన్నాడు.

బండి సంగతి నేను చెప్పాను. ఒకసారి కాదు, రోజూ చెప్పాను. చల్లటి ఇంజినుతో బయల్దేరితే దాని ఆయుష్షు తగ్గుతుందని ఆయన నాకు ఓపికగా బోధించాడు. కొత్త బండ్లకు అవసరం లేదట కదా అంటే, నేను చెప్పేది పాఠమనీ తను చెప్పేది అనుభవమనీ అన్నాడు. కాలుష్యం లేదని ఇచ్చిన కాగితం బండి డిక్కీలోంచి తీసి చూపించాడు. గోడకు చెప్పుకున్నా నయం, ఎందుకంటే గోడకు సర్టిఫికెట్ తగిలిస్తే అది కనీసం పట్టుకుని నిలబడుతుంది. ఆయన బహుమతి పత్రానికి ఫ్రేము కట్టించి అత్తమ్మ మంచం పైన గోడకు తగిలించాడు. ఆవిడ దాని కింద కూర్చుని దగ్గేది.

చలికాలంలో ఆయాసం ఎక్కువై రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. డాక్టరు ఈసారి గట్టిగానే చెప్పాడు. ఆ పొగ ఆగాలి, లేదా ఆవిడను ఆ గదిలోంచి మార్చాలి. మా ఆయన వెంటనే మార్చాడు, ఆవిడను. వెనకగదిలో బియ్యం డబ్బాల పక్కన ఇంకో మంచం వేశాం. కిటికీ లేని గది. ముందుగది కిటికీ మూసి, సందుల్లో పాతచీర ముక్కలు కుక్కాం. దగ్గు కొంచెం తగ్గింది. కానీ అత్తమ్మ మాట్లాడటం కూడా తగ్గించింది. టీవీ పెట్టమంటే ఎందుకు, చూసి ఎవలకు చెప్పాలె అనేది. అవతల ఖాలా మూసిన కిటికీ వైపు చూసి, ఆపా ఎట్లున్నరు అని నన్ను అడిగేది. పొద్దున బండి దగ్గరినుంచి మా ఆయన అమ్మా పోయొస్త అని అలవాటుగా అరిచేవాడు. అది వెనకగదిలోకి వినబడదు.

గది మార్చాక దగ్గు తగ్గిందంటే తప్పు ఎదురింటివాళ్లదేనని మా ఆయన తేల్చాడు. ఖాలా ఇంట్లో పాతకాలపు బొగ్గుల కుంపటి ఉంది, సిగిడీ అంటారు. దాన్ని అక్కడినుంచి తీయమని మర్యాదగా చెప్పి వస్తానని చేతులు కట్టుకుని వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను, ఆవిడ ముందు ఈయన ఏం వాగుతాడోనని. ఖాలా ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. అంతా విని, నెమ్మదిగా చెప్పింది.

"సిగిడీ ఎప్పుడో మిద్దె మీదికి తీస్కపోయిన బేటా. ఆపా దగ్గుతుంటే నాకే నిద్ర పట్టలే. మీ గాడీ ధువాఁ, ఆ పొగ మాత్రం నేను మిద్దె మీదికి తీస్కపోలేను గదా."

ఇంటికొచ్చాక మా ఆయన, ఖాలా మంచిదే కానీ విషయం పక్కదారి పట్టిస్తుందన్నాడు.

ఆ మాట వెనకగదిలో అత్తమ్మ వింది. వింటుందని మేము అనుకోలేదు. నన్ను పిలిచి, రేపు పొద్దున వాన్ని నా పాత మంచం మీద కూసోబెట్టు, కిటికీ తెరువు, బండి నువ్వు తయారు చెయ్యి అంది. ఆయనకు ఇది పెద్ద అవమానంగా అనిపించింది కానీ, తల్లి అడిగిన మాట కాదనలేకపోయాడు. పైగా సిగిడీ పొగ కాకపోతే మిర్చీల పొగ పట్టుకోవచ్చని ఒక ఆశ.

నాకు స్కూటరు నడపడం రాదు. స్టార్టు చేయడం, తుడవడం వస్తుంది. పాతచీర ముక్కలు పీకి కిటికీ బార్లా తెరిచాను. ఆయన బహుమతి పత్రం కింద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. నేను మీట నొక్కి, బండిని స్టాండు మీద పెట్టి, అద్దం తుడిచాను. సీటు తుడిచాను. నంబరు పలక, ఆయన ఎలా తుడుస్తాడో అలాగే, ఒక్కో అంకె విడివిడిగా తుడిచాను. లోపలినుంచి బండ్లు ఒకటొకటిగా వచ్చి వెనక నిలబడ్డాయి. సార్ లేడేంది అని ఎవరో అడిగితే, సార్ ఇవాళ ఇంట్లో డ్యూటీ అన్నాను. వాళ్లు తలూపి తమ ఇంజిన్లు నడుపుకుంటూ నిలబడ్డారు. నాకు ఇంత తృప్తిగా ఏ పనీ చేసిన గుర్తు లేదు.

కిటికీలోంచి ముందు ఒక దగ్గు వినబడింది. తర్వాత కొన్ని. ఆయన ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని, చాలు, బంద్ చెయ్ అన్నాడు. నేను సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఇంకా కాలేదన్నాను.

"బంద్ చెయ్యవే. ఊపిరాడుతలేదు."

"చల్లగున్నప్పుడు తీస్తే ఆయుష్షు తగ్గుతది గదా," అన్నాను.

ఆయన మళ్లీ దగ్గాడు. వెనకగది గడప దగ్గర అత్తమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు దగ్గుతుంటే చూడలేక, నాకేసి చెయ్యి ఊపి, చాలు బిడ్డా, బంద్ చెయ్యి అంది. నేను కట్టేశాను. వెనకవాళ్లూ ఏమైందోనని కట్టేశారు. గల్లీలో ఆ వేళప్పుడు చప్పుడు లేకుండా ఉండటం నేను కాపురానికి వచ్చాక అదే మొదలు.

మా ఆయన మంచం మీదినుంచి లేచి, తన పత్రం వైపు చూడకుండా బయటికొచ్చి, స్టాండు తీసి, బండిని చేతులతో తోసుకుంటూ గల్లీ మొగదాకా పోయాడు. అక్కడ స్టార్టు చేశాడు. నేను నడుచుకుంటూ వెళ్లి ఎక్కాను. బడి వచ్చేదాకా ఆయన కొంగు దోపుకోమని కూడా అనలేదు.

వారం తిరిగేసరికి గల్లీలో అందరూ బండ్లు మొగదాకా తోసుకెళ్లి అక్కడే స్టార్టు చేయడం మొదలుపెట్టారు. మా ఆయన దీనికి ఊరకే ఉంటాడా? ఇంటింటికీ తిరిగి, కొత్త బండ్లకు వేడి అక్కర్లేదనీ, నిలబెట్టి నడిపితే పెట్రోలు దండగనీ, మెల్లగా పోనిస్తే దారిలోనే అదే వేడెక్కుతుందనీ పాఠం చెప్పాడు. నేను ఏడాదిగా చెప్పిన మాటలనే, ఒక్కటి కూడా మార్చకుండా, తన అనుభవంగా చెప్పాడు. ఆఫీసులో కూడా చెప్పాడట. మళ్లీ శాలువా కప్పుతారేమోనని నాకు భయం, ఇంట్లో పెట్టడానికి చోటు లేదు.

అత్తమ్మ మళ్లీ ముందుగదిలోకి వచ్చింది. దగ్గు పూర్తిగా పోలేదు, పీల్చే మందు దిండు పక్కనే ఉంటుంది. కానీ కిటికీ తెరుచుకుంది. ఖాలా నెలల తరబడి దాచుకున్న కథంతా ఒక్కరోజులో చెప్పేసింది. అత్తమ్మ విన్నది, నవ్వింది. అయినా పొద్దున మా ఆయన బండి తోసుకుంటూ వెళ్లాక ఆవిడ ఆ ఖాళీ గల్లీ వైపు కాసేపు చూస్తూ ఉండిపోయేది. ఒకరోజు పక్కన కూర్చుని అడిగాను, పొగ ఎక్కడిదో మీకు మొదటినుంచీ తెలుసు కదా అత్తమ్మా, నేను మొత్తుకుంటుంటే మీరు ఒక్క మాట ఎందుకు కలపలేదు అని.

ఆవిడ దుప్పటి అంచు సవరించుకుంది.

"చెప్తే బండి ఎమ్మటే తీస్కపోతడు గద బిడ్డా. పొద్దంతట్ల నా కొడుకు నా ముందు నిలబడేది గా జరసేపే. సాయంత్రం వస్తడు, ఫోన్ల తల పెడ్తడు. పొగ అయితేంది, ఉన్నడు గదా అనుకున్న. ఎనక అర్రల పడ్డంక రెండూ పాయె."

నాకు ఎగతాళి చేయడం వచ్చు, విసుక్కోవడం వచ్చు. ఆ మాటకు ఏం చేయాలో తెలియక వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. సాయంత్రం ఆ మాటను ఉన్నదున్నట్టు, నా వైపునుంచి ఏమీ కలపకుండా, మా ఆయనకు చెప్పాను. ఆయన ఫోను పక్కన పెట్టాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

మర్నాడు బండిని కిటికీ కింద నిలబెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, పాతబట్ట చేతిలోకి తీసుకున్నాడు. అద్దం తుడిచాడు. అత్తమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని దస్తీ పెట్టుకున్నావా అని అడిగింది. పెట్టుకున్నానమ్మా అన్నాడు, ఆఁ అనకుండా. గుండీ సంగతి అడిగింది. నంబరు పలక తుడవడం అయిపోయింది, మళ్లీ మొదలుపెట్టాడు. వెనక గల్లీవాళ్లందరూ చప్పుడు లేని బండ్లు పట్టుకుని నిలబడ్డారు. నాకు బడికి ఆలస్యమవుతోంది, నేనూ నిలబడ్డాను.

ఎదురు కిటికీలోంచి ఖాలా తొంగిచూసి అడిగింది.

"బేటా, గాడీ గరం కాలేదా ఇంకా?"

మా ఆయన సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంకా కాలే ఖాలా," అని అద్దం తుడవసాగాడు.